అరుంధతి బంగళాలో దయ్యం లేదు
బనగానపల్లె (మా విలేఖరి): బనగానపల్లె నుంచి యాగంటి పోయే దారిలో, పాతపాడు దగ్గర ఒక పాత బంగళా వున్నది. బనగానపల్లె సంస్థానాన్ని ఏలిన నవాబులది అది. 1948లో సంస్థానం విలీనమైపోయింది. బంగళా పేరు మాత్రం 2009లో మారింది. ఆ ఏడాది సంక్రాంతి రోజుల్లో విడుదలైన ‘అరుంధతి’ చిత్రంలో గద్వాల కోటగా కనిపించింది ఈ బంగళాయే. అప్పటినుంచి నవాబు బంగళా అనేవారు తగ్గి, అరుంధతి కోట అనేవారు ఎక్కువయ్యారు. యాగంటి ఉమామహేశ్వరుని దర్శనానికి వచ్చేవారు కూడా దారిలో ఆగి చూసి పోతుంటారు.

కథ గద్వాలది, కట్టడం బనగానపల్లెది, దయ్యం సినిమావాళ్ళది. ఈ మూడింటినీ కలిపి ఒక్కటి చేసుకుంటేనే చిక్కు. దయ్యాల సినిమా వస్తే మొదటి ఆటకే పోయే అభిమానులలో ఈ విలేఖరి కూడా ఒకడు. ఆ చనువుతోనే ఈ నాలుగు మాటలు.

కోడి రామకృష్ణ తీసిన ‘అరుంధతి’ ఇన్నేళ్ళయినా జనానికి గుర్తుండటానికి గ్రాఫిక్స్ ఒక్కటే కారణం కాదు. అందులో పశుపతి బతికి వున్నప్పుడే ఆడవారిని హింసించిన దుర్మార్గుడు. చచ్చాక పిశాచమయ్యాడు. వాడిని అంతం చేయడానికి జేజమ్మ తన ప్రాణాన్నే ఇచ్చింది. నాయనమ్మను జేజి అని పిలిచే ఇళ్ళు మన కర్నూలు, కడప వైపు ఇప్పటికీ వున్నాయి. అందుకే ఆ పేరు వినగానే మనవారికి సొంత మనిషి కథలా తోచింది.

తర్వాత గాలి మారింది. ‘ప్రేమకథా చిత్రమ్’ (2013), ‘గీతాంజలి’ (2014), ‘రాజుగారి గది’ (2015) బాగా ఆడాయి. దయ్యానికి హాస్యం కలిపితే డబ్బులు వస్తాయని తెలియగానే అదే మూసలో వరుసగా చిత్రాలు దిగాయి. పాడుబడ్డ ఇల్లు, నలుగురు భయస్తులు, తెల్లచీర, చెంపదెబ్బలు. కొన్నాళ్ళకు నవ్వూ రాలేదు, భయమూ వేయలేదు.

మళ్ళీ భయాన్ని భయంగా చూపిన చిత్రం 2022 నవంబరులో వచ్చిన ‘మసూద’. కూతురికి ఏమయిందో తెలియక తల్లడిల్లే ఒంటరి తల్లిగా సంగీత నటన చూసి తీరవలసిందే. సాయం చేయబోయే పక్కింటి కుర్రవాడు సహజంగానే పిరికివాడు. వాడు వణుకుతుంటే మనమూ వణుకుతాము. పెద్ద హీరో లేకపోవడమే ఆ చిత్రానికి బలం.

2023లో వచ్చిన ‘విరూపాక్ష’ ఇంకా పెద్ద విజయం. 1979లో రుద్రవనం అనే వూరిలో చేతబడి చేశారని ఒక జంటను జనం సజీవదహనం చేస్తారు. పన్నెండేళ్ళ తర్వాత వూరు చావులతో ఆ పాపం అనుభవిస్తుంది. మొదలు చాలా గట్టిది. అయితే మంత్రంతో మనుషులను చంపవచ్చునని చివరకు కథే ఒప్పుకున్నది. అదే ఏడాది నవంబరులో వచ్చిన ‘మా ఊరి పొలిమేర 2’ కూడా చేతబడి చుట్టూ తిరిగినదే. అదే నెలలో వచ్చిన ‘మంగళవారం’ దారి వేరు. అమ్మవారి ఆగ్రహమని వూరు వణికిన చావుల వెనుక వున్నది మనుషులేనని తేల్చింది. ఈ అభిమాని ఓటు దానికే.

ఎందుకంటే చేతబడి మనకు తెరమీది బొమ్మ మాత్రమే కాదు. గొడ్డు చచ్చినా, బిడ్డకు జ్వరం తగ్గకపోయినా ఎవరో ఏదో చేయించారన్న అనుమానం పల్లెల్లో ఇంకా పోలేదు. ఆ అనుమానం బలవంతుల మీద పడదు. ఒంటరి ముసలమ్మ మీదనో, దిక్కులేని కుటుంబం మీదనో పడుతుంది. చేతబడి నెపంతో మనుషులను కొట్టి చంపిన, తగలబెట్టిన సంఘటనలు తెలుగునాట ఎన్నో జరిగాయి. అటువంటి చోట మంత్రం పారుతుందని చూపే దర్శకుడు కొంచెం ఆలోచించాలి. భయపెట్టవద్దని ఎవరూ అనరు. ఆ భయానికి పక్కింటి మనిషి బలి కాకూడదు.

2025 సెప్టెంబరులో వచ్చిన ‘కిష్కింధపురి’లో దయ్యాల కొంపలు చూపిస్తామని డబ్బు తీసుకుని జనాన్ని తిప్పే బృందం ఒకటి వున్నది. నవాబు బంగళాకు ఆ గతి పట్టకూడదు. అక్కడికి పిల్లలను తీసుకుపోయే పెద్దలు పశుపతి కథతో పాటు నవాబుల సంగతీ చెప్పాలి. షూటింగు ఎలా చేస్తారో, కంప్యూటరుతో దయ్యాన్ని ఎలా తయారు చేస్తారో చెబితే ఇంకా మంచిది. ఇంట్లో బిడ్డ వుత్తపుణ్యానికి వులిక్కిపడుతున్నా, తనలో తాను మాట్లాడుకుంటున్నా గాలి సోకిందని తాయెత్తులకు పరుగెత్తకుండా ముందు డాక్టరుకు చూపించాలి. ఇవి చేసి, రాత్రి ఆటకు నిశ్చింతగా పోవచ్చు.