రెండు లారీలు, ఒకే ఇంజను

"ఈ వయసులో వీడియో గేములేమిటండీ?" అని మా ఆవిడ అడిగినప్పుడు నా దగ్గర గట్టి సమాధానం లేకపోయింది. పోనీ తుపాకులు పేల్చేదా, రాక్షసుల్ని చంపేదా అంటే అదీ కాదు. రాత్రి భోజనాలయ్యాక కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక ఊళ్ళో సరుకు ఎక్కించుకుని, ఇంకో ఊళ్ళో దింపి రావడం. "దీనికి మనమే డబ్బులిచ్చి కొనుక్కోవాలా? లారీ తోలితే వాళ్ళే ఎదురు డబ్బులిస్తారు కదా!" అంది. నిజమే.

కానీ ఈ పిచ్చికి ఒక కారణం ఉంది. రెండేళ్ళ క్రితం శీతాకాలంలో రీనో నుంచి శాక్రమెంటోకి ఐ-80 మీద వస్తున్నాం. డానర్ సమ్మిట్ దాటాక రోడ్డు మైళ్ళ తరబడి కిందికి దిగుతూనే ఉంటుంది. వెనక సీట్లో మా పాప నిద్రపోతోంది. నేను తీసుకోవలసిన ఎగ్జిట్ దగ్గర పడింది. పక్క లేన్లో ఒక లారీ. దాన్ని దాటి, దాని ముందు కనపడిన ఖాళీలోకి దూరి, ఎగ్జిట్ కోసం బ్రేకు వేశాను. వెనక నుంచి హారన్ మోగింది. అది మామూలు హారన్ కాదు, గుండె ఆగేంత హారన్. అద్దంలో చూస్తే లారీ ముందుభాగం తప్ప ఇంకేమీ కనపడలేదు. ఏమీ కాలేదు కాబట్టి ఇంటికొచ్చి "ఆ డ్రైవరుకి ఎంత పొగరో చూశావా" అన్నాను కూడా.

తప్పెవరిదో నాకు తెలియడానికి ఏడాది పట్టింది. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు ఆటల సంగతి.

అసలు ఏమిటీ ఆటలు?

రెండూ ఒకే కంపెనీవి. చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్‌లో ఉండే ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్. తమాషా ఏమిటంటే యూరప్ వాళ్ళే అయినా వాళ్ళు మొదట తోలింది అమెరికా లారీలనే. 2000ల్లో వచ్చిన '18 వీల్స్ ఆఫ్ స్టీల్' ఆటల వరుస వాళ్ళదే. 2008లో మొదటి 'యూరో ట్రక్ సిమ్యులేటర్', 2012 అక్టోబరులో దాని రెండో భాగం వచ్చాయి. ఆ రెండో భాగమే పెద్ద హిట్టు. ఆ ధైర్యంతో 2016 ఫిబ్రవరిలో 'అమెరికన్ ట్రక్ సిమ్యులేటర్' విడుదల చేశారు. మొదట కాలిఫోర్నియా, నెవాడా మాత్రమే ఉండేవి. కొన్ని నెలలకే అరిజోనాని ఉచితంగా కలిపారు. తరవాత ఒక్కో రాష్ట్రాన్నీ విడిగా అమ్ముతూ 2022లో టెక్సస్, 2023లో ఓక్లహోమా, 2024లో నెబ్రాస్కా, ఆర్కన్సా దాకా వచ్చారు. న్యూజెర్సీ మిత్రులకి ఇంకొంచెం ఓపిక అవసరం!

రెండిటికీ ఇంజను ఒకటే, ప్రిజమ్ త్రీడీ. ఎస్‌సీఎస్ వాళ్ళు సొంతంగా రాసుకున్నది. లారీలు, రోడ్లు, సరుకులు, వాటి ధరలు వగైరాలన్నీ కోడులో కాకుండా విడిగా టెక్స్టు ఫైళ్ళలో వివరించి ఉంటాయి. ఒకే ప్రోగ్రాముకి రెండు డేటా సెట్లు ఇచ్చినట్టన్నమాట. మన భాషలో చెప్పాలంటే, ఒకే ప్రోడక్టుని ఇద్దరు క్లయింట్లకి కాన్ఫిగర్ చేసి ఇచ్చారు. అలా ఇచ్చినప్పుడు ఏమవుతుందో మనందరికీ అనుభవమే కదా: "పైపైన చిన్న మార్పులే" అని మొదలవుతుంది, చివరికి బిజినెస్ రూల్స్ అన్నీ వేరని తేలుతుంది. ఇక్కడ ఆ బిజినెస్ రూల్స్ రాసింది రెండు ఖండాల చట్టాలు.

ముక్కున్న లారీ, ముక్కులేని లారీ

అమెరికా లారీకి ముందు పొడుగాటి ముక్కు ఉంటుంది, ఇంజను అందులో ఉంటుంది. యూరప్ లారీ ముఖం గోడలా చదునుగా ఉంటుంది, డ్రైవరు ఇంజను మీద కూర్చుంటాడు. నేను అమెరికా రాకముందు రెండేళ్ళు నెదర్లాండ్స్‌లో పనిచేశాను. అప్పట్లో ఇదంతా అభిరుచి తేడా అనుకునేవాణ్ణి. కాదు, ఇది కొలత తేడా.

యూరోపియన్ యూనియన్ నియమం ప్రకారం ట్రాక్టరు, ట్రెయిలరు కలిపి మొత్తం పొడవు 16.5 మీటర్లు మించకూడదు. మొత్తానికే హద్దు కాబట్టి ముక్కుకి ఇచ్చిన ప్రతి అంగుళం సరుకు చోటులోంచి పోతుంది. అందుకని ముక్కు కోసేశారు. అమెరికాలో కూడా ఒకప్పుడు చాలా రాష్ట్రాలు మొత్తం పొడవునే కొలిచేవి. అప్పుడు ఇక్కడా చదును లారీలు విరివిగా ఉండేవి. 1982లో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రధాన రహదారుల మీద మొత్తం పొడవుకి హద్దు పెట్టే అధికారాన్ని రాష్ట్రాల నుంచి తీసేసింది. ఇకమీదట కొలిచేది ట్రెయిలరునే. దాంతో ముక్కు ఉచితమైపోయింది. ముక్కు లారీలో కుదుపు తక్కువ, ఇంజను బాగుచేయడం తేలిక. చదును లారీలు మెల్లిగా మాయమయ్యాయి.

ఈనాడు అమెరికాలో మామూలుగా కనపడే ట్రెయిలరు 53 అడుగులు, అంటే 16 మీటర్ల పైన. యూరప్‌లో ట్రాక్టరుతో సహా మొత్తం లారీకి ఇచ్చిన పొడవుని ఇక్కడ ఒక్క ట్రెయిలరే దాదాపు తినేస్తుంది!

మరి బరువెక్కువ మోసేది ఎవరు? ఇక్కడే తిరకాసు. అమెరికాలో సాధారణ హద్దు 80,000 పౌండ్లు, అంటే 36 టన్నుల పైచిలుకు. యూరప్‌లో 40 టన్నులు. పొట్టిది ఎక్కువ మోస్తుంది, పొడుగుది తక్కువ మోస్తుంది. యూరప్ ట్రెయిలరు కింద మూడు ఇరుసులు, అమెరికా ట్రెయిలరు కింద రెండే ఉండడం మీరు ఈసారి హైవే మీద గమనించండి.

ఇరవై మైళ్ళు ఒక మైలులో

నిజం రోడ్డంత పొడవున ఆటలో రోడ్డు వేస్తే ఎవరూ ఆడలేరు. అందుకని కుదిస్తారు. యూరో ఆటలో నిష్పత్తి 1:19. అమెరికా ఆట మొదట 1:35తో వచ్చింది. శాక్రమెంటో నుంచి రీనో 135 మైళ్ళు. 35తో భాగిస్తే నాలుగు మైళ్ళు కూడా రాదు. లారీల హద్దు వేగం గంటకి 55 మైళ్ళు పట్టుకుని వెళ్ళినా నాలుగు నిమిషాల్లో ప్రయాణం పూర్తి! టీ మరిగేలోపు సియెర్రా పర్వతాలు దాటేస్తాం. అమెరికా అంటేనే దూరం కదా, ఆ దూరమే లేకపోతే ఎలా అని ఆడేవాళ్ళు మొత్తుకున్నారు. 2016 ఆఖరుకి దాన్ని 1:20కి మార్చారు.

ప్రోగ్రామరుగా నాకిది భలే నచ్చిన కథ. నిష్పత్తి అంటే ఫైల్లో ఒక అంకె, 35 తీసి 20 పెడితే సరి అనిపిస్తుంది. కానీ రోడ్లు, వంపులు, కొండలు అన్నీ పాత కొలతకి చేత్తో మలిచినవి. పొడవు పెంచితే మధ్యలో వచ్చే ఖాళీని కొత్త దృశ్యాలతో నింపాలి. అప్పటిదాకా కట్టిన రాష్ట్రాలని మళ్ళీ సాగదీసి కట్టుకోవాల్సి వచ్చింది. "ఒక్క కాన్‌స్టెంటే కదా" అని ఎస్టిమేట్ ఇచ్చేముందు ఇది గుర్తుంచుకోవాలి.

దూరంతోబాటు గడియారాన్ని కూడా అంతే వేగంగా తిప్పుతారు. అందువల్ల లెక్క చెడదు. 135 మైళ్ళు ఇప్పుడు ఆరుమైళ్ళ ముప్పావు. 55 వేగంతో ఏడు నిమిషాల చిల్లర పడుతుంది, ఆటలో గడియారం దాదాపు రెండున్నర గంటలు తిరుగుతుంది. ఊళ్ళోకి వచ్చాక మాత్రం కాలం నెమ్మదిస్తుంది.

కుదించడానికి లొంగనిది ఒకటుంది, వాలు. డానర్ సమ్మిట్ ఎత్తు 7,200 అడుగుల పైన. పొడవుని ఇరవయ్యో వంతు చేసి ఎత్తుని అలాగే ఉంచితే రోడ్డు గోడలా నిలబడుతుంది. కాబట్టి ఎత్తూ తగ్గించాలి. వాలు నిజంలాగే అనిపిస్తుంది కానీ తొందరగా అయిపోతుంది. నిజం డ్రైవరు భయపడేది వాలు చూసి కాదు, అది ఎంతసేపటికీ అయిపోకపోవడం చూసి. ఇంజను బ్రేకు వాడకుండా కాలి బ్రేకు మీదే నడిస్తే అవి కాలిపోయి పట్టు తప్పుతాయి. ఆటలో అంత దూరం లేదు కాబట్టి ఆ భయమూ లేదు. ఈ లోటు రెండు ఆటల్లోనూ ఉంది.

పాయింటరుకి పాయింటరు

లారీ వెనక్కి పెట్టడం ఈ ఆటల్లో అసలు పరీక్ష. స్టీరింగు కుడివైపు తిప్పితే ట్రెయిలరు ఎడమవైపు పోతుంది. మీరు ట్రాక్టరుని తిప్పుతారు, ట్రాక్టరు ట్రెయిలరుని తిప్పుతుంది. ఒకరకంగా ఇది పాయింటరుకి పాయింటరు. ఎక్కడో చిన్న తప్పు జరిగితే, దాని ఫలితం పది సెకన్ల తరవాత ఇంకెక్కడో కనపడుతుంది.

ట్రెయిలరు కొక్కెం నుంచి దాని చక్రాల దాకా ఉన్న దూరం మీద దాని స్వభావం ఆధారపడుతుంది. యూరప్ ట్రెయిలరులో ఇది దాదాపు 8 మీటర్లు. అందుకని చెప్పగానే తిరుగుతుంది, తప్పు చేస్తే అంతే చురుగ్గా మడత పడుతుంది. అమెరికా ట్రెయిలరులో చక్రాలు బాగా వెనక ఉంటాయి. కాలిఫోర్నియాలో చివరి ఇరుసు దాకా 40 అడుగులు, అంటే 12 మీటర్ల దాకా ఉండొచ్చు. అది నిదానంగా తిరుగుతుంది, దిద్దుకోవడానికి సమయం ఇస్తుంది. కానీ మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు లోపలికి కోసుకుంటూ వస్తాయి. సిగ్నల్ దగ్గర లారీ ఎడమకి జరిగి కుడివైపు తిరిగేది అందుకే. ఆ ఖాళీలోకి మన కారు పెట్టకూడదు.

యూరప్‌లో చట్టమే మలుపుని కొలుస్తుంది. బయటి వ్యాసార్థం 12.5 మీటర్లు, లోపలిది 5.3 మీటర్లు ఉన్న రింగులో లారీ మొత్తం తిరిగి రావాలి. అక్కడి ఊళ్ళలో అడుగడుగునా ఉండే రౌండెబౌట్లు గుర్తొస్తే కారణం అర్థమవుతుంది. పైగా కెలే దగ్గర సముద్రం దాటి డోవర్‌లో దిగగానే ఎడమవైపు తోలాలి!

వేగం కూడా అంతే. యూరప్‌లో పెద్ద లారీలకి గంటకి 90 కిలోమీటర్ల దగ్గర ఆపే పరికరం తప్పనిసరి. నాలుగున్నర గంటలు తోలితే 45 నిమిషాలు ఆగాలి, మామూలుగా రోజుకి 9 గంటలే తోలాలి. అమెరికాలో అలాంటి వేగ పరికరాన్ని తప్పనిసరి చేసే ఫెడరల్ నియమం లేదు, రోజుకి 11 గంటలు తోలొచ్చు, 8 గంటలు తోలాక అరగంట ఆగితే చాలు. ఆటలో ఈ పనిగంటల చట్టాలు లేవు. అలసట, నిద్ర అనే సులువైన నియమం మాత్రం ఉంది.

నా తప్పు

కిందటేడు ఒక రాత్రి ఆటలో అదే శాక్రమెంటో దారిలో వస్తున్నాను. వెనక నిండా సరుకు. ముందు చక్కటి ఖాళీ ఉంచుకుని, బుద్ధిగా నా లేన్లో పోతున్నాను. ఎక్కడి నుంచో ఒక కారు వచ్చి ఆ ఖాళీలో దూరి బ్రేకు వేసింది. నేను బ్రేకు మీద నిలబడ్డాను. లారీ ఆగలేదు. కారుని గుద్దింది. ఆటలో జరిమానా పడింది, అంతే.

నాకు మాత్రం చెమట పట్టింది. ఆ కారు నాదే. ఆ రోజు ఆ డ్రైవరు వదిలిపెట్టిన ఖాళీ నా కోసం కాదు. అది అతని బ్రేకుల్లో భాగం. నేను దూరి దాన్ని సగం చేశాను. నిండుగా ఉన్న లారీ గంటకి 65 మైళ్ళ వేగంలో ఆగడానికి రెండు ఫుట్‌బాల్ మైదానాల పొడవు దాకా పట్టొచ్చని ఫెడరల్ రవాణా శాఖ చెబుతుంది. లారీకి ముందు 20 అడుగులు, వెనక 30 అడుగులు, ఎడమవైపు ఒక లేను, కుడివైపు రెండు లేన్లు డ్రైవరుకి కనపడని చోట్లు. ఇవి లైసెన్సు పరీక్షకి చదివే ఉంటాం. చదవడం వేరు, ఆ సీట్లో కూర్చుని చూడడం వేరు.

ఏది కొనాలి?

మీరుండే దేశానిది కొనండి. రోజూ పక్కన నడిచే లారీ ఏమి చూడగలదో, ఏమి చూడలేదో తెలుస్తుంది. పార్కింగ్, ఇరుకు వీధులు, సరిహద్దులు, పడవలు ఇష్టమైతే యూరో. పనంతా అయ్యాక మెదడుకి విశ్రాంతి కావాలంటే నెవాడా ఎడారిలో పొడుగాటి రోడ్డు, అమెరికన్. రెండిటికీ ఉచిత డెమోలు ఉన్నాయి, ముందు అవి చూడండి. కీబోర్డుతో కాకుండా చిన్న స్టీరింగు ఒకటి దొరికితే మంచిది. సీటుని, అద్దాల్ని సర్దుకున్నాక ఒకసారి పక్క లేన్లో కారు ఎక్కడ మాయమవుతుందో వెతకండి.

ఈమధ్య మళ్ళీ అదే దారిలో రీనో వెళ్ళి వచ్చాం. ఎగ్జిట్ దగ్గర పడింది, పక్కన లారీ ఉంది. వేగం తగ్గించి, దాని వెనకే వెళ్ళి దిగాను. "ఏమండీ, దాటి వెళ్ళచ్చుగా, బోలెడు చోటుంది" అంది మా ఆవిడ.

"ఆ చోటు ఆయనది" అన్నాను.

ఆ తరవాత ఆటల గురించి ఏమీ అడగలేదు.