మీకు తెలుసా? అత్తారింట్లో అవ్వ

మనం నాన్న తోబుట్టువునూ ‘అత్త’ అంటాం, పెళ్లయ్యాక భర్త తల్లినీ ‘అత్త’ అనే అంటాం. అమ్మ తోడబుట్టినవాడు ‘మామ’, భర్త తండ్రీ ‘మామే’. మేనరికాలు తరతరాలుగా నడిచిన చోట ఆ ఇద్దరు అత్తలూ ఒకరే, ఆ ఇద్దరు మామలూ ఒకరే కావడం మామూలు మరి. వేరే మాట ఎందుకు?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు చాలా ఇళ్లలో ఇది ఇంకో అడుగు ముందుకేసింది. అక్క కూతుర్నే చేసుకుంటారు. అప్పుడు పిల్లకు అత్తగారెవరు? చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పిన అవ్వే! కొత్త కోడలికి ఆ ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా చెప్పక్కర్లేదు. మొగుడూపెళ్లాలకు మాటామాటా వస్తే సర్దిచెప్పే పెద్దాయన ఇద్దరికీ కావలసినవాడే. ఉత్తరాదిలో పిల్లను చుట్టరికం లేని ఇంటికి, పరాయి ఊరికి పంపుతారనీ, దక్షిణాదిలో తెలిసిన గడపే తొక్కుతుందనీ మానవశాస్త్రవేత్త ఇరావతీ కార్వే 1953లోనే తన పుస్తకంలో వివరించారు.

ధర్మవరంలో దీనికి మగ్గం కూడా తోడైంది. పట్టుచీర నేసేది ఒక్కరే అయినా కండెలు చుట్టడం దగ్గర్నుంచి ఇంటిల్లిపాదికీ పనే. పని ఎరిగిన వరసైన పిల్ల దొరికితే ఎవరు కాదంటారు?

రాజులకైతే చుట్టరికమే రాజకీయం. 1565 తళ్లికోట యుద్ధంలో విజయనగరాన్ని నడిపిస్తున్న అళియ రామరాయలు పోయాక, తమ్ముడు తిరుమలరాయలు పెనుకొండను రాజధాని చేసుకున్నాడు. అన్నదమ్ములిద్దరూ కృష్ణదేవరాయల అల్లుళ్లే. ‘అళియ’ అంటే కన్నడంలో అల్లుడు. మేనల్లుడికీ అదే మాట.

1955 హిందూ వివాహ చట్టం మేనమామ, మేనకోడళ్ల పెళ్లిని నిషేధించింది. కానీ ఆచారం ఉన్నవాళ్లకు మినహాయింపు ఇచ్చింది. డాక్టర్ల అభ్యంతరం వేరు. మేనమామకూ మేనకోడలికీ జన్యువుల్లో సగటున నాలుగో వంతు ఉమ్మడి, బావామరదళ్లకు ఎనిమిదో వంతు. ఇద్దరిలోనూ దాగి ఉన్న ఒకే లోపం బిడ్డలో కలిసే అవకాశం ఆ మేరకు పెరుగుతుంది.

ఇంకో ఇబ్బంది ఏ పరీక్షలోనూ కనబడదు. ఇలాంటి కాపురాలు నిలుస్తాయంటారు, నిజమే కావచ్చు. కానీ మొగుడు కొట్టాడని అమ్మకు చెప్పుకుందామంటే, ఆ అమ్మకు అతను సొంత తమ్ముడు.