డొంకరాయిలో గాలం వేయాలంటే

నర్సీపట్నం దాటి చింతపల్లి, గూడెంకొత్తవీధి, సీలేరు మీదుగా చింతూరు వైపు సాగే ఘాట్ రోడ్డులో డొంకరాయి వస్తుంది. మైదానంలో చెరువుగట్ల మీద చెయ్యి తిరిగిన గాలపువాడు కూడా ఇక్కడ మొదటి రోజు తడబడతాడు. ఎర మంచిదే, కర్ర మంచిదే, ఓపికకూ లోటు లేదు. అయినా పొద్దున చేపలు ఎగబడి తిన్న మూల మధ్యాహ్నానికి ఖాళీ అయిపోతుంది. ఎర మార్చి చూస్తాడు, గాలం మార్చి చూస్తాడు, చివరికి నక్షత్రం బాగోలేదనుకుంటాడు.

తప్పు నక్షత్రానిది కాదు. చెరువు నీటి మీద పెత్తనం వానది, ఎండది, తూముది. డొంకరాయి నీటి మీద వీటికి తోడు పవర్‌హౌస్ పెత్తనం కూడా ఉంది.

మాడుగుల కొండల్లో పుట్టిన మాచ్‌ఖండ్ నదే కిందికి వచ్చేసరికి సీలేరు అవుతుంది. దారి పొడవునా దానికి కరెంటు పనే. జోలాపుట్ జలాశయంలో ఆగి, 1955లో మొదలైన 120 మెగావాట్ల మాచ్‌ఖండ్ కేంద్రాన్ని తిప్పుతుంది. బలిమెల దాటి గుంటవాడ చేరాక 240 మెగావాట్ల ఎగువ సీలేరు కేంద్రాన్ని నడిపిస్తుంది. అక్కడి మిషన్లు వదిలిన నీరే డొంకరాయి జలాశయంలోకి వస్తుంది. ఇక్కడ 25 మెగావాట్ల కేంద్రం ఉంది. తరవాత పొల్లూరులోని 460 మెగావాట్ల దిగువ సీలేరు కేంద్రం. అంతా అయ్యాక ఆ నీరు శబరిలో, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. కరెంటు వాడకం పెరిగే వేళల్లో మిషన్లు తిరుగుతాయి, తగ్గితే ఆగుతాయి. దాన్ని బట్టి డొంకరాయి మట్టం ఒక్క రోజులోనే లేస్తుంది, దిగుతుంది. ఈ రాకపోకలు కనిపెట్టినవాడికే ఇక్కడ చేప పడుతుంది.

పుల్ల గుచ్చి కూర్చోండి

అనుభవం ఉన్నవాళ్ళు ఒడ్డుకు రాగానే గాలం విప్పరు. సరిగ్గా నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, నీరు ఉన్నచోట కత్తితో చిన్న గాటు పెడతారు. బీడీ కాలేంత సేపు ఊరుకుని మళ్ళీ చూస్తారు. గాటు మునిగితే నీరు ఎక్కుతోంది, తేలితే దిగుతోంది.

నీరు ఎక్కుతుంటే గట్టు పక్కనే వేయాలి. అప్పుడే మునుగుతున్న గడ్డిలోంచి చీమలు, పురుగులు, ఎర్రలు కొట్టుకొస్తాయి. వాటికోసం చేపలు మోకాలి లోతు దాకా వచ్చేస్తాయి. ఆ సమయంలో నడి జలాశయంలోకి బలంగా విసిరేవాడు చేపల మీదుగా విసురుతున్నాడన్నమాట. నీరు దిగుతుంటే ఇదంతా తిరగబడుతుంది. ఒడ్డు నీళ్ళలో చిక్కుకుపోకుండా చేప ముందే లోతుకు జారుకుంటుంది. అప్పుడు మునిగిన చెట్ల మొదళ్ళు, రాతి అంచులు, పాత వాగు గాడి వెతుక్కోవాలి.

ఎగువ మిషన్లు తిరిగేటప్పుడు జలాశయం పై కొసన పారుదల పుడుతుంది. పారే నీటిలో చేప ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి నిలబడుతుంది, మేత దాని నోటి దగ్గరికే వస్తుంది. కాబట్టి ఎరను పైకి వేసి కిందికి కొట్టుకు రానివ్వాలి. హోరున పారే చోట కాదు, ఆ పోటుకు పక్కనే నీరు మెల్లగా తిరిగే చోట చేప ఆగుతుంది. పెద్దవి అక్కడే దొరుకుతాయి.

వానాకాలంలో పేపర్లు జలాశయాల మట్టాలు వేస్తుంటాయి. డొంకరాయి పూర్తి మట్టం 1,037 అడుగులు, గుంటవాడది 1,360. బయలుదేరే ముందు రెండు మూడు రోజుల అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే ఏ ఒడ్డు మునిగి ఉంటుందో ఇంటి దగ్గరే అంచనా వస్తుంది.

నోరు చూసి బెండు కట్టాలి

ఏ లోతున వేయాలన్న ప్రశ్నకు జవాబు చేప నోట్లోనే ఉంది. బొచ్చె కింది దవడ పైకి తిరిగి ఉంటుంది. పైపొరల్లో తేలే సూక్ష్మజీవులు దాని తిండి. దానికోసం ఎర నేలకు దించితే రోజంతా కూర్చోవాల్సిందే. శీలావతి, అంటే రోహు, నడుమ నీటిలో మేస్తుంది. ఎర్రమోసు నోరు కిందికి ఉంటుంది, అడుగు బురదలో కుళ్ళిన ఆకూ అలమూ దానికి మేత. జెల్లలు, వాలుగలూ కింది నీళ్ళలోనే తిరుగుతాయి, అవి చీకటి పడ్డాక చురుకవుతాయి.

అడుగు ఎంత లోతో తెలియాలంటే ఎర లేకుండా సీసపు గుండు మాత్రం దించాలి. బెండు మునిగిపోతే లోతు ఇంకా ఉన్నట్టు. పక్కకు వాలి పడుకుంటే గుండు నేలకు ఆనినట్టు. నిటారుగా నిలిచి కొస మాత్రం కనిపించేలా బెండును జరుపుకోవాలి. అయిదు నిమిషాల పని. దీన్ని బద్ధకించినవాడు గాలం ఏ లోతున ఉందో తెలియకుండానే పూట గడిపేస్తాడు.

బెండు కదలికను బట్టి కింద ఏముందో చెప్పవచ్చు. టకటకా ఆడుతూ ఒక చోటే గిజగిజలాడితే పరిగెలు ఎరను పొడుస్తున్నాయి, గుంజి లాభం లేదు. రెండుసార్లు వణికి ఏటవాలుగా నడక మొదలుపెడితే అది శీలావతి కావచ్చు, నడక అందుకున్నాక కర్ర ఎత్తాలి. నిటారుగా ఉన్న బెండు ఉన్నట్టుండి పైకి లేచి అడ్డంగా పడితే ఎర్రమోసు నేలమీది ఎరను గుండుతో సహా ఎత్తిందన్నమాట. కొత్తవాళ్ళు ఎక్కువగా పోగొట్టుకునేది దీన్నే. బెండు మునగలేదు కదా అని చూస్తూ కూర్చుంటారు. ఒక్క ఊపున నిట్టనిలువుగా కిందికి పోతే జెల్లో వాలుగో మింగినట్టే.

ఎర సంగతి

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు వంటి కార్ప్ జాతి చేపలకు ఖరీదైన ఎరలు అక్కర్లేదు. వేయించిన తవుడు, వేరుశనగ చెక్క, జిగురుకు కాస్త మైదా కలిపి గాలం ముల్లు కప్పేంత ముద్ద పెడితే చాలు. అదే పిండిని గుప్పెడు ఉండలు చేసి ముందుగా ఆ చోట చల్లాలి. ఎక్కువ చల్లితే చేప కడుపు నింపుకుని గాలం వైపు చూడదు. మేతకు పిలవాలి గాని భోజనం పెట్టకూడదు. వానకు నీరు ఎర్రబారినప్పుడు పిండి కన్నా ఎర్రలే నయం. కంటికి ఏమీ కనబడని నీటిలో చేప వాసన పట్టుకుని వస్తుంది, కదలికను పసిగడుతుంది.

కొర్రమీను దారి వేరు. దానికి కదిలే ఎర కావాలి. చాలామంది బతికిన కప్పను కడతారు. ఆ అలవాటు మానుకోవాలి. పొలాల్లో పురుగును తినే కప్పలు తరిగిపోతున్నాయనే 1987లో మన దేశం కప్ప కాళ్ళ ఎగుమతిని ఆపేసింది. కలుపు మొక్కల మీదుగా లాగడానికి రబ్బరు కప్ప అంతకన్నా బాగా పనిచేస్తుంది, పాచికి తగులుకోదు. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చే చేప. బుడగ లేచిన చోటుకు కాస్త అవతల వేసి, ఆపి ఆపి లాగాలి.

ఒక్కోసారి నీటి మీద ఎర్రటి సన్నపిల్లల గుంపు ముద్దగా తేలుతూ కనిపిస్తుంది. దాని కిందనే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఆ గుంపులోకి ఏది విసిరినా కోపంతో మీద పడతాయి కాబట్టి పట్టడం చాలా తేలిక. తెలిసినవాళ్ళు అందుకే అక్కడ వేయరు. పెద్దవి పోతే వందల పిల్లలు ఇతర చేపలకు ఆ పూటే మేతైపోతాయి.

వేళ, చలి, జాగ్రత్త

వేసవిలో తెల్లవారుజాము, సాయంత్రం మంచి వేళలు. చలికాలంలో మన్యంలో ఈ లెక్క పనికిరాదు. నీరు 20 డిగ్రీల కిందికి దిగితే కార్ప్ చేపలు మేత తగ్గిస్తాయి. లంబసింగి, చింతపల్లి వైపు మంచు చూడటానికి తెల్లవారుజామున లేవాలి గాని, చేపకోసం లేవాల్సిన పని లేదు. ఎండ కాసి, గట్టు పక్క నీరు కాస్త వెచ్చబడ్డాక పదింటికి మొదలుపెట్టినా ఆలస్యం కాదు.

డ్యాముకు దిగువన ఏటి గర్భంలో, బండల మీద ఎప్పుడూ కూర్చోకూడదు. పైన ఆకాశం నిర్మలంగా ఉన్నా ఒడిశా కొండల్లో కురిసిన వానకు గేట్లు ఎత్తవచ్చు. కాలువ గట్లు నున్నగా ఉంటాయి, జారితే పట్టు దొరకదు. డ్యాము, పవర్‌హౌస్, కాలువ జెన్‌కోవి. చుట్టూ ఉన్నది అడవి. జలాశయంలో వేట మత్స్యశాఖ లైసెన్సు మీద నడుస్తుంది, దాని మీద బతికే గిరిజన కుటుంబాలున్నాయి. అడగకుండా ఎక్కడా కూర్చోవడం మంచిది కాదు. పైగా ఎక్కడ లోతు, ఎక్కడ ఊబి, ఏ మూల దిగకూడదు అన్నది పటంలో ఉండదు, ఊళ్ళోవాళ్ళకే తెలుస్తుంది. ఏజెన్సీలో మలేరియా భయం ఉంది, సాయంత్రం కూర్చునేవాళ్ళు నిండు చేతుల చొక్కా వేసుకోవాలి.

జెల్లను గాలం నుంచి విప్పేటప్పుడు రెక్కల ముళ్ళ వెనక వేళ్ళు పెట్టి పట్టుకోవాలి. ఇంగ్లీకం ముల్లులో విషం ఉంటుంది. గుచ్చుకుంటే చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో చేయి ఉంచితే నొప్పి తగ్గుతుంది. తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్ళాల్సిందే.

పట్టని చేపల మడుగు

ఇదే నది మీద, ఎగువన హుకుంపేట మండలంలో మత్స్యగుండం ఉంది. నది బండల కింద మాయమై కొంత దూరంలో మళ్ళీ బయటపడే చోట ఒక మడుగు. డబ్ల్యూ. ఫ్రాన్సిస్ 1907లో కూర్చిన విశాఖపట్నం జిల్లా గెజిటీర్ ఆ మడుగు నిండా మహసీర్ చేపలున్నాయని, పెద్దవి చేతిలోంచి మేత తింటాయని, వీపు నిమిరినా బెదరవని రాసింది. మాడుగుల జమీందార్లు వాటిని కాపాడేవారు. వాటిలో ఒకదాన్ని కూర వండుకున్న ఒక బంజారా వర్తకుడు తన ఎద్దులతో సహా రాయైపోయాడన్న కథ కూడా అందులో ఉంది.

కథను పక్కన పెట్టినా అందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. మహసీర్ గులకరాళ్ళ మీద, స్వచ్ఛంగా పారే నీటిలో గుడ్లు పెడుతుంది, అందుకోసం ఎగువకు ఈదుతుంది. ఆనకట్టలు ఆ దారికి అడ్డుపడతాయి. అందువల్ల ఏ మడుగులోనైనా మిగిలిన గుంపును కాపాడుకోకపోతే, పోయినదాన్ని తెచ్చిపెట్టడం కష్టం. గాలానికి ఎక్కడైనా మహసీర్ పడితే నీళ్ళలోనే విప్పి వదిలేయడం మర్యాద.

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు కూడా నిలవ నీటిలో గుడ్లు పెట్టవు, వాటికి వరద పారుదల కావాలి. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి రసం ఎక్కించి కార్ప్ చేపలచేత గుడ్లు పెట్టించాకే చేపపిల్లల ఉత్పత్తి మన చేతికొచ్చింది. జలాశయాల్లో వదిలే పిల్లలు ఆ పద్ధతి ఇచ్చినవే. బొచ్చె గుడ్డు పెట్టే వయసుకు రావడానికి రెండేళ్ళు పడుతుంది. జానెడు పిల్ల పడితే తడి చేత్తో పట్టుకుని వదలాలి. పొడి చెయ్యి ఒంటి మీది జిగురు పొరను ఊడదీస్తుంది, ఆ పుండే తరవాత దాన్ని చంపుతుంది. వానాకాలంలో చేపలు గుడ్లు పెట్టే వేళ వేట ఆపమని మత్స్యశాఖ ఇచ్చే ప్రకటన గాలానికి కూడా వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోవాలి.

తోటా పేల్చడం, మందు కలపడం 1897 నాటి మత్స్య చట్టం నుంచే నేరం. కొండల్లో పూర్వం మంగకాయ నూరి చిన్న గుంటల్లో వేసేవారు, మత్తెక్కిన చేప తేలేది. ఇప్పుడు కొందరు పొలం మందు డబ్బా గుమ్మరిస్తున్నారు. ఆ నీటిని కిందనున్న ఊరు తాగుతుంది.

ఇకముందు డొంకరాయిలో గాలం వేసేవాళ్ళకు కొత్త లెక్క రాబోతోంది. గుంటవాడ పై జలాశయంగా, డొంకరాయి కింది జలాశయంగా 1,350 మెగావాట్ల ఎగువ సీలేరు పంప్డ్ స్టోరేజీ పథకాన్ని జెన్‌కో తలపెట్టింది. కరెంటు మిగిలిన వేళ నీటిని పైకి తోడి, అవసరమైన వేళ కిందికి వదలడం దాని పని. సౌర విద్యుత్తు పగలే ఎక్కువగా దొరుకుతుంది గనక తోడకం పగలు, వదలడం సాయంత్రం పూట సాగవచ్చు. అలా జరిగితే మధ్యాహ్నం నీరు దిగి చేప లోతుకు పోతుంది. దీపాలు వెలిగే వేళకు నీరెక్కి గట్టు గడ్డిలోకి మేతకు వస్తుంది. పొద్దున వచ్చి మధ్యాహ్నం భోజనానికి లేచే అలవాటున్నవాళ్ళు వేళ మార్చుకోవాల్సి వస్తుంది.