ఇంట్లో పాడే పిట్ట



కుటుంబాల దర్శనానికి వెళ్ళినప్పుడు ఈమధ్య చాలా ఇళ్ళలో వసారాలో ఒక పంజరం కనబడుతోంది. కొన్నిటిలో లవ్ బర్డ్స్, కొన్నిటిలో పసుపు పచ్చని కేనరీ పిట్టలు ఉంటున్నాయి. "అయ్యగారూ, మీ ఇంట్లో కూడా ఉందట గదా, దీనికి ఏమి పెట్టాలి? ఎందుకు పాడటం లేదు?" అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. అందరికీ కలిపి ఒకేసారి జవాబు రాయాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేను పక్షుల డాక్టర్ని కాను. నేర్చుకున్నదానిలో సగం నా తప్పుల వల్ల నేర్చుకున్నాను గనుక ముందుగా ఆ తప్పు చెప్పడమే న్యాయం.

నిండుగా కనబడిన గిన్నె

2017 క్రిస్మస్‌కు మా అమ్మాయి కోరిక మీద విశాఖపట్నంలో ఒక కేనరీని కొన్నాం. అప్పుడు మేము టెక్కలి దగ్గర ఒక సంఘంలో పరిచర్యలో ఉన్నాం. అమ్మాయికి తొమ్మిదేళ్ళు. పిట్టకు "బంగారి" అని పేరు పెట్టుకుంది. తెల్లవారితే దాని పాటతోనే మా ఇల్లు లేచేది.

ఫిబ్రవరిలో మూడు రోజుల కూటములకు కుటుంబమంతా వెళ్ళాం. ఎదురింటి పిల్లను పిలిచి, "రోజూ నీళ్ళు మార్చు, గింజలు అయిపోతే పొయ్యి" అని డబ్బా చేతికిచ్చాను. ఆ పిల్ల ఏడో తరగతి చదువుతోంది, నెమ్మదస్తురాలు. మేము తిరిగి వచ్చేసరికి బంగారి పంజరం అడుగున పడి ఉంది. నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి. గింజల గిన్నె అంచుదాకా నిండుగా ఉంది.

నాకు కోపం వచ్చింది. ఏ పిల్లిని దగ్గరకు రానిచ్చావో, ఏమి చేశావో అని ఆ పిల్లను వీధిలోనే గద్దించాను. ఆమె ఒక్క మాట మాట్లాడకుండా ఏడుస్తూ ఇంటికి వెళ్ళిపోయింది. కాసేపటికి వాళ్ళమ్మ వచ్చింది. కూలికి వెళ్ళి ధాన్యం తూర్పారబట్టే మనిషి. గిన్నె చేతిలోకి తీసుకుని ఉఫ్‌మని ఊదింది. గిన్నెలో ఉన్నదంతా గాలికి లేచిపోయింది. అడుగున నాలుగు గింజలు కూడా లేవు.

"ఇది గింజ కాదయ్యగారూ, పొట్టు. పిట్ట గింజ తినేసి పొట్టు అక్కడే ఒగ్గేస్తాది. మా గుంటకి ఏటి తెలుసు? నిండుగుందనుకున్నాది" అంది.

కేనరీ గింజను మింగదు. ముక్కుతో ఒలిచి, పప్పు తిని, పొట్టును అక్కడే వదిలేస్తుంది. పైనుంచి చూస్తే గిన్నె నిండినట్టే ఉంటుంది. పదిహేను, ఇరవై గ్రాముల బరువుండే ప్రాణి అది. ఆహారం లేకుండా ఎక్కువసేపు బ్రతకలేదు. ఈ సంగతి నాకే తెలియదు, ఇక ఆ పిల్లకు నేనేమి చెప్పి వెళ్ళాను? మూగజీవాల మీద దయ గురించి సామెతల గ్రంథం 12:10 మీద ఎన్నోసార్లు ప్రసంగించినవాడిని నేను. కూటముల్లో ప్రసంగిస్తున్న గంటల్లోనే నా ఇంట్లో ఒక ప్రాణం ఆకలితో పోయింది.

"నాన్నా, అది మనవల్లే చచ్చిపోయిందా?" అని మా అమ్మాయి అడిగింది. "అవునమ్మా, నావల్ల" అని చెప్పడం ప్రసంగం చేయడం కంటే కష్టమైంది. మరుసటి ఉదయం ఎదురింటికి వెళ్ళి, ఆ పిల్లను వీధిలో తిట్టాను గనుక వీధిలోనే క్షమాపణ అడిగాను.

ఎక్కడి పిట్ట ఇది?

కేనరీల పుట్టిల్లు ఆఫ్రికా ఖండానికి వాయవ్యంగా అట్లాంటిక్ సముద్రంలో ఉన్న కేనరీ దీవులు, మదీరా, అజోర్స్. అడవిలో ఉన్న అసలు పిట్ట ఆకుపచ్చ, గోధుమ రంగులు కలిసి ఉంటుంది. మనం చూసే పసుపు రంగు, మనుషులు కొన్ని వందల ఏళ్ళు ఇళ్ళలో పెంచగా వచ్చినది. జర్మనీలో హార్జ్ కొండల్లోని గని కార్మికులు మృదువుగా పాడే రకాన్ని ప్రత్యేకంగా పెంచి ప్రసిద్ధి చేశారు.

ఈ పిట్టకు మనుషుల ప్రాణాలు కాపాడిన చరిత్ర కూడా ఉంది. బొగ్గు గనుల్లో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగూ వాసనా లేవు. ఆ వాయువు మనిషికంటే ముందు చిన్న పక్షికి సోకుతుంది గనుక గనుల్లోకి వాటిని తీసుకువెళ్ళమని జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త 1890లలో సలహా ఇచ్చాడు. పిట్ట సొమ్మసిల్లితే మనుషులు బయటికి పరుగెత్తేవారు. 1986లో బ్రిటన్ ఈ పిట్టల స్థానంలో యంత్రాలను పెట్టాలని నిర్ణయించేవరకు ఈ పద్ధతి సాగింది.

ఇందులో మనకొక హెచ్చరిక ఉంది. గనిలో పనికి వచ్చిన ఆ సున్నితమైన ఊపిరితిత్తులే మన ఇంట్లో దానికి ప్రమాదం. దోమల కాయిల్ పొగ, సాంబ్రాణి పొగ, కట్టెల పొయ్యి పొగ, గోడలకు వేసిన కొత్త పెయింటు వాసన, బాగా మాడిన నాన్‌స్టిక్ పెనం నుంచి వచ్చే ఆవిరి దానికి పడవు. గనుక పంజరాన్ని వంటింట్లో ఎన్నడూ పెట్టకూడదు.

పంజరం, చోటు

కేనరీ హెలికాప్టరులా నిలువుగా లేవదు, ఈ పక్కనుంచి ఆ పక్కకు ఎగురుతుంది. గనుక ఎత్తుగా, గుండ్రంగా ఉండే అందమైన పంజరం కంటే పొడవుగా ఉన్నది మేలు. కనీసం రెండడుగుల పొడవుండాలి. ఊచల మధ్య సందు అరంగుళానికి మించితే తల ఇరుక్కుంటుంది. కూర్చోవడానికి ప్లాస్టిక్ కర్రలకు బదులు జామ, వేప కొమ్మలు కడిగి ఎండబెట్టి కట్టండి. ఒకటి లావుగా, ఒకటి సన్నగా ఉంటే కాళ్ళకు వ్యాయామం.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వేసవి ఎండకు సముద్రపు ఉక్క కూడా తోడవుతుంది. రేకుల కప్పు కింద మధ్యాహ్నం పిట్టను ఉంచితే సాయంత్రానికి ఉండకపోవచ్చు. నోరు తెరిచి ఎగరొప్పుతూ, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టుకుందంటే వేడికి తాళలేకపోతున్నదని గుర్తు. వెంటనే నీడకు, గాలి ఆడే చోటికి మార్చండి. ఉదయపు లేత ఎండ కాసేపు మంచిదే గాని ఫ్యాను గాలి సూటిగా తగలకూడదు. అంగుళం లోతున్న పళ్ళెంలో రోజూ నీళ్ళు పెడితే సంతోషంగా స్నానం చేస్తుంది.

పంజరం గోడకు కొట్టిన మేకుకు తగిలిస్తే బల్లులు, ఎలుకలు చేరతాయి. బల్ల మీద పెట్టి, బల్ల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు ఉంచితే చీమలు ఎక్కవు. ఆ నీళ్ళను రెండు రోజులకొకసారి మార్చండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. రాత్రి దోమతెర కప్పడం మరువవద్దు. కేనరీలకు వచ్చే మశూచి జబ్బును మోసేవి దోమలే. కళ్ళ చుట్టూ, ముక్కు మూలల్లో, కాళ్ళ మీద పొక్కులు కనబడితే అదేనని అనుమానించాలి.

ఆహారం

అంగడిలో దొరికే కేనరీ గింజలతో పాటు మన కొర్రలు కలపవచ్చు. చలికాలంలో అరకు కొండల మీద పొలాలను పసుపుమయం చేసే వలిసెల పంట మీకు తెలుసు. ఆ వలిసెలంటే వీటికి ప్రాణం. అయితే వాటిలో నూనె ఎక్కువ గనుక చిటికెడే చాలు. కడిగిన పాలకూర, కొత్తిమీర, తురిమిన క్యారెట్టు, చిన్న ఆపిల్ ముక్క (గింజలు తీసి) పెట్టవచ్చు. వారంలో ఒకటి రెండుసార్లు ఉడికిన కోడిగుడ్డు కాస్త చిదిపి పెట్టి, గంటలో మిగిలినది తీసేయండి. మన వాతావరణంలో త్వరగా పాడవుతుంది. చాక్లెట్టు, ఉప్పు కారాలు, ఉల్లిపాయ, అవకాడో పెట్టకూడదు.

సున్నం కొరకు సముద్రపు నురుగు కావాలి. పట్నం దుకాణంలో డబ్బు పెట్టి కొన్నామని విని, భావనపాడు వైపు నుంచి ఆరాధనకు వచ్చే ఒక సహోదరుడు నవ్వాడు. "అయ్యగారూ, అది మా రేవులో ఒడ్డుకు కొట్టుకొచ్చి బోలెడు పడుంటాది" అని సంచినిండా తెచ్చాడు. అలా తెచ్చిన దానిని ఐదారు రోజులు రోజూ నీరు మారుస్తూ మంచినీళ్ళలో నానబెట్టి, ఉప్పు పోయాక ఉడకబెట్టి, ఎండబెట్టి పంజరానికి కట్టాలి.

అన్నిటికంటే ముఖ్యం, రోజూ ఉదయం గింజల గిన్నెను బయటికి తీసి ఊదండి.

ఎందుకు పాడదు?

ఎక్కువగా పాడేది మగ పిట్ట. ఆడది కిచకిచలాడుతుంది గాని పాట అరుదు. ఒంటరిగా ఉంటే బెంగ పెట్టుకుంటుందని జత కొనేవారున్నారు. కేనరీ తన చోటు తనకే కావాలనుకునే పిట్ట. రెండు మగవాటిని ఒక పంజరంలో పెడితే పొడుచుకుంటాయి. ఒక్కటే ఉన్నా మనుషుల మాటలు వినబడే చోట హాయిగా ఉంటుంది. జత కడితే మూడు నుంచి ఐదు గుడ్లు పెట్టి, రెండు వారాల్లో పిల్లలు చేస్తుంది. ఆ పిల్లలను ఎవరికి ఇస్తారో ముందే ఆలోచించుకోండి.

ఏడాదికొకసారి ఈకలు రాల్చి కొత్తవి వేసుకుంటుంది. ఆ కొన్ని వారాలు పాట ఉండదు. అది జబ్బు కాదు. గుడ్డు, ఆకుకూర కొంచెం పెంచి విశ్రాంతినివ్వండి. అయితే ఏడాది పొడవునా ఈకలు రాలుస్తూనే ఉంటే ఇంట్లో రాత్రి దీపాలను అనుమానించాలి. ఈ పిట్ట పగటి పొడవును బట్టి కాలాన్ని గుర్తిస్తుంది. రాత్రి పదకొండు దాకా టీవీ వెలుగులో ఉంటే దాని లెక్క తప్పుతుంది. పొద్దు గుంకగానే పంజరం మీద పలుచని గుడ్డ కప్పండి.

అమెరికాలో ఫెర్నాండో నాటెబోమ్ అనే శాస్త్రవేత్త 1980లలో ఈ పాట మీద పరిశోధన చేసి, పెద్ద వయసు కేనరీ మెదడులో కూడా కొత్త నరకణాలు పుడతాయని కనుగొన్నాడు. పెద్ద మెదడులో కొత్త కణం పుట్టదని అంతకు ముందు నమ్మేవారు. మూగబోయిన పిట్ట మరుసటి ఋతువులో మళ్ళీ పాట అందుకుంటుంది గనుక, పాడటం లేదని అమ్మివేయడానికి తొందరపడకండి.

మౌనంతో పాటు ఈకలు ఉబ్బించి మూల కూర్చోవడం, తోక పైకీ కిందికీ ఊగడం, ఊపిరిలో టిక్కుటిక్కుమనే చప్పుడు కనబడితే మాత్రం ఆలస్యం చేయవద్దు. శ్వాసనాళంలో చేరే సన్నని పురుగుల వల్ల కూడా ఇలా అవుతుంది, దానికి మందు ఉంది. సొంత వైద్యం చేయక పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల కూడా ఉంది.

పంజరంలో పెట్టకూడనివి

ఒక మాట గట్టిగా చెప్పాలి. రామచిలుకను, గోరింకను, మన పొలాల్లో తిరిగే ఏ పిట్టనూ పట్టి పెంచకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. కేనరీ సంగతి వేరు. తరతరాలుగా మనిషి చేతిలో పుట్టిన పిట్టను బయట వదిలితే మేత వెతుక్కోలేదు, కాకులకు ఆహారమవుతుంది. మన పక్షులను చూడాలంటే పిల్లలను తేలినీలాపురం తీసుకువెళ్ళండి. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఏటా వచ్చి అక్కడి చెట్ల మీద గూళ్ళు కడతాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో చిల్లుముక్కు కొంగలు దిగుతాయి. వాటిని ఆ గ్రామస్థులు ఏ పంజరమూ లేకుండానే కాపాడుకుంటున్నారు.

తుఫాను రాత్రి

అదే ఏడాది వేసవి గడిచాక, మా అమ్మాయి మళ్ళీ అడిగితే, నేర్చుకోవలసినది నేర్చుకుని రెండో పిట్టను తెచ్చాం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా వసారా రేకులు లేచిపోయాయి. పంజరాన్ని లోపలి గదిలోకి తెచ్చి, గాలి ఆడేలా ఒక పక్క వదిలి దుప్పటి కప్పాం. ఎదురింటివారి కప్పు పూర్తిగా పోయింది. వాళ్ళు మా ఇంటికే వచ్చారు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగిన వార్తలు ఒక్కొక్కటే వస్తున్నాయి. కరెంటు చాలా రోజులు లేదు. నేను సంఘస్థుల ఇళ్ళ వెంట, బియ్యం పంపకాల వెంట తిరుగుతూ పిట్ట సంగతే మరచిపోయాను.

మూడో రోజు సాయంత్రం గుర్తుకువచ్చి భయంతో లోపలికి పరుగెత్తాను. ఎదురింటి పిల్ల పంజరం ముందు కూర్చుని ఉంది. గిన్నె తీసి, ఉఫ్‌మని ఊది, గింజలు పోసి, మళ్ళీ లోపల పెట్టింది. నన్ను చూసి, "రోజూ చూస్తన్నానయ్యగారూ" అంది. తన ఇల్లు పోయిన పిల్ల ఆ మాట అంటుంటే నాకు మాట రాలేదు.

ఆ పిట్ట ఇప్పుడు ముసలిదైంది. బాగా చూసుకుంటే కేనరీలు పదేళ్ళ దాకా బ్రతుకుతాయి. పాట తగ్గింది గాని ఉదయాన్నే ఒకసారి గొంతు విప్పుతుంది.

మత్తయి సువార్త 10వ అధ్యాయంలో ప్రభువు పిచ్చుకల వెల గురించి చెప్పిన సంగతి మీరెరుగుదురు. అంత తక్కువ వెలగలదానిని ఆయన లెక్కలో ఉంచుకున్నాడు. మన లెక్కలో ఎవరెవరు తప్పిపోతున్నారు? ఇంట్లో ముసలి అత్తగారికి వేళకు అన్నం, మందులు అందుతున్నాయి. హాస్టలులో ఉన్న బాబుకు నెలనెలా డబ్బు వెళుతోంది. పైనుంచి చూస్తే అన్ని గిన్నెలూ నిండుగానే ఉన్నాయి. దగ్గరకు వెళ్ళి, కూర్చుని, ఒక్కసారి ఊది చూడండి. పొట్టే మిగిలి ఉంటే, ఇంకా ఆలస్యం కాలేదు గనుక, ఈరోజే గింజలు పోయండి.