ఇంటిల్లిపాదియు కూడి ఆడదగిన ఆట

పెద్దలును పిల్లలును ఒకే చాపమీద కూర్చుండి గవ్వలతోనో, పాచికలతోనో, పేకముక్కలతోనో కొంతసేపు ఆడుకొనుట మన దేశమున బహుకాలముగా నున్న అలవాటు. తెలుగునాట అష్టాచెమ్మా, పచ్చీసు, వైకుంఠపాళి, కన్నడనాట చౌకాబార, తమిళనాట దాయము, ఉత్తరదేశమున పచీసీ, చౌపడు. పేర్లు వేరైనను ఈ ఆటలకు చుట్టరికము కలదు. ఇంగ్లండులో 1896లో పేటెంటు పొందిన లూడో ఆట సయితము మన పచ్చీసునుండి పుట్టినదే. కనుక మన ఇండ్లలో ఆటలకు కొదువలేదు. ఏ వయస్సు బిడ్డతో ఏ ఆట ఆడవలెను, ఎంతసేపు ఆడవలెను, ఏ నియమములు పెట్టుకొనవలెను అనునవే తల్లిదండ్రులు ఆలోచింపవలసిన విషయములు. ఆటను సరిగా ఎంచుకొన్న యెడల బిడ్డ మనస్సునకు బలము కలుగును. ఎంపిక తప్పినచో ఏడ్పులు, కలహములు, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయము కూడ సంభవింపవచ్చును.

ఆటవలన కలుగు మేలు

చాపమీది ఆటలో బిడ్డ తన వంతు వచ్చువరకు ఆగవలెను. పడిన పందెమును ఒప్పుకొనవలెను. ఎదుటివారి కాయ ఎచ్చట నున్నదో కనిపెట్టవలెను. ఓడినపుడు కోపమును అణచుకొనవలెను. ఇవన్నియు మాటలతో నేర్పుటకు కష్టమైనవి. ఆటలో తమంతట తామే అలవడును.

లెక్కల విషయమునను మేలు కలదు. 2008లో అమెరికాలో రమణి, సీగ్లర్ అను శాస్త్రజ్ఞులు పేద కుటుంబముల చిన్నపిల్లలతో ఒక పరిశోధన జరిపిరి. 1 మొదలు 10 వరకు అంకెలు వరుసగా వ్రాసిన గడులపై కొద్దిసార్లు ఆడిన పిల్లలకు అంకెల జ్ఞానము పెరిగినది. తొమ్మిది వారముల తరువాత కూడ అది నిలిచియున్నది. అంకెలు లేక రంగులు మాత్రమే యున్న గడులపై ఆడిన పిల్లలకు అట్టి లాభము కలుగలేదు.

దీనినిబట్టి ఇంట పాటింపదగిన పద్ధతి ఒకటి కలదు. వైకుంఠపాళిలో బిడ్డ కాయ 15వ గడిలో నుండగా మూడు పడినదనుకొందము. కాయను జరుపుచు "ఒకటి, రెండు, మూడు" అనుటకు బదులు, గడిలోని అంకెనే చదివి "పదహారు, పదిహేడు, పదునెనిమిది" అనిపింపవలెను. ఇట్లాడిన బిడ్డకు అంకెల వరుస కంటికిని, నోటికిని, చేతికిని ఒక్కసారే పట్టుబడును.

వయస్సునకు తగిన ఆట

మూడేండ్లలోపు బిడ్డలకు గవ్వలు, పాచికలు, చింతపిక్కలు ఇయ్యరాదు. వారు పెద్దల ఒడిలో కూర్చుండి చూచిన చాలును.

మూడు మొదలు అయిదేండ్ల వరకు రంగులు, బొమ్మలు జతపరచు ఆటలు తగినవి. జతలు గల బొమ్మల ముక్కలను ఆరింటిని గాని ఎనిమిదింటిని గాని బోర్లపరచి, రెండేసి చొప్పున త్రిప్పి జత కలుపుట ఈ వయస్సున నచ్చును. ఇందు జ్ఞాపకశక్తియే ప్రధానము గనుక పసివారు పెద్దలను నిజముగానే ఓడింపగలరు. పది, పదునైదు నిమిషములకు మించి ఆడింపనక్కరలేదు.

ఆరు మొదలు ఎనిమిదేండ్ల పిల్లలకు వైకుంఠపాళి, అష్టాచెమ్మా అనుకూలములు. తొమ్మిదేండ్లు దాటినవారు పచ్చీసును, రంగు ననుసరించి వేయు పేకాటలను చక్కగా ఆడగలరు.

వయస్సు మార్గసూచి మాత్రమే. చాపమీద కూర్చున్నవారిలో మిక్కిలి చిన్నవారు ఇతరుల సాయము లేకుండ తమ వంతు తాము ఆడగలుగుచున్నారా అనునదే నిజమైన గీటురాయి.

అదృష్టమెంత? ఆలోచన ఎంత?

వైకుంఠపాళి కేవలము అదృష్టముపై నడచును. పడిన పందెమును బట్టి నిచ్చెన ఎక్కుటయో, పామునోట పడుటయో తప్ప ఆటగాడు ఎంచుకొనునది లేదు. అందుచేత తాతగారును మనుమరాలును అందులో సమానులే. కాని కొంత పెరిగిన పిల్లలకు అది విసుగు పుట్టించును. చదరంగము కేవలము ఆలోచనపై నడచును. నేర్చిన పెద్దలతో ఆడు బిడ్డ ఎప్పుడును ఓడుచుండును. కుటుంబమునకు ఈ రెంటి నడిమి ఆటలు మేలైనవి.

అష్టాచెమ్మా అట్టి ఆట. అడ్డముగా అయిదు, నిలువుగా అయిదు, మొత్తము 25 గడులు, నలుగురు ఆటగాండ్రు, ఒక్కొక్కరికి నాలుగు కాయలు, నాలుగు గవ్వలు. గవ్వలు నాలుగును వెల్లకిల పడిన చెమ్మా, అనగా 4. నాలుగును బోర్లపడిన అష్టా, అనగా 8. నాలుగు గవ్వలు పడుటకు 16 విధములు కలవు. అందు రెండు గవ్వలు మాత్రమే వెల్లకిల పడు విధములు 6. చెమ్మాకు ఒక్కటే, అష్టాకు ఒక్కటే. పందెము ఎంత పడునో చెప్పుట ఎవరి చేతిలోను లేదు. కాని పడిన పందెముతో ఏ కాయను నడపవలెను, ఏ కాయను గుర్తుగల గడిలో భద్రముగా నుంచవలెను, ఎదుటి కాయను చంపవలెనా, తన కాయను పండించుకొనవలెనా అనునది ఆటగాని ఆలోచనయే.

ముక్కలతోను పాచికలతోను ఒక ఆట

పేకముక్కలును రెండు పాచికలును ఉన్న ఇంట సులభముగా ఆడదగిన ఆట యొకటి కలదు. ఏడేండ్లు నిండి, కూడికలు వచ్చిన బిడ్డకు ఇది మిక్కిలి తగినది.

ఒకే రంగులోని ఆసు మొదలు తొమ్మిది వరకు తొమ్మిది ముక్కలను వరుసగా పరచవలెను. ఆసును 1గా లెక్కింపవలెను. ఆటగాడు రెండు పాచికలు వేసి, పడిన మొత్తమునకు సరిపోవు ముక్కలను బోర్లత్రిప్పవలెను. 8 పడినదనుకొందము. 8ని ఒక్కదానినే త్రిప్పవచ్చును. లేదా 7ను 1ని, 6ను 2ను, 5ను 3ను త్రిప్పవచ్చును. లేదా 5, 2, 1 గాని, 4, 3, 1 గాని మూడేసి ముక్కలను త్రిప్పవచ్చును. పిమ్మట మరల పాచికలు వేయవలెను. 7, 8, 9 మూడును బోర్లపడిన తరువాత ఒక్క పాచికనే వేయవచ్చును. పడిన మొత్తమునకు సరిపడు ముక్కలు లేనపుడు ఆ వంతు ముగియును. మిగిలిన ముక్కల అంకెలను కూడి కాగితముపై వ్రాసికొని, తొమ్మిది ముక్కలను మరల పరచి తరువాతివారికి ఇయ్యవలెను. ఎవరి లెక్క తక్కువయో వారు గెలిచినట్లు.

పెద్ద అంకెలను మొదట త్రిప్పుకొనుట మేలని బిడ్డ నాలుగైదు వంతులలో తనంతట తానే గ్రహించును. చిన్న అంకెలు ఏ మొత్తములోనైనను ఇమిడిపోవును గదా. పాచికయొక్క ఎదురెదురు ముఖముల కూడిక ఎల్లప్పుడును 7 అగుటయు, రెండు పాచికలకు 36 విధములుండగా 7 పడుటకు 6 విధములు, 12 పడుటకు ఒక్కటే యుండుటయు పెద్దపిల్లలు లెక్కించి చూచి సంతోషింతురు.

ఓటమియు, తొండియు

బిడ్డ సంతోషము కొరకు పెద్దలు లోపాయికారిగా ఓడిపోవుట మంచిది కాదు. పిల్లలు దానిని త్వరలోనే పసిగట్టుదురు. ఆపై నిజమైన గెలుపునకును విలువ యుండదు. అంతకన్న బహిరంగముగా రాయితీ నిచ్చుట మేలు. బిడ్డకు రెండు కాయలు, పెద్దలకు నాలుగు కాయలు అని ముందే చెప్పి ఆడిన ఎవరికిని చిన్నతనము లేదు.

తొండి చేసిన ప్రతి బిడ్డయు అబద్ధీకుడు కాడు. స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు జీన్ పియాజే పిల్లల గోళీలాటను పరిశీలించి, 1932లో ప్రకటించిన గ్రంథమున ఈ విషయమును వివరించెను. అయిదేండ్ల వరకు పిల్లలు కలిసి కూర్చున్నను ఎవరి ఆట వారిదే. ఏడెనిమిదేండ్లకు అందరికి ఒకే నియమము కావలెనను కోరిక పుట్టును. పదునొకండు, పండ్రెండేండ్లకు నియమములను తాము కూడ కూర్చుకొనవచ్చునని తెలియును. కావున చిన్నవారిని దండింపక, నియమమును మరల చెప్పి ఆట సాగింపవలెను.

గాడిద అను పేకాటలో చివరకు ముక్కలు చేత మిగిలినవారిని గాడిద యనుట వాడుక. నలుగురిలో ఆ పేరు పెట్టి ఎగతాళి చేసిన, ముద్దుకైనను, సున్నితమైన బిడ్డ నొచ్చుకొనును. పేరు మార్చి ఆడినంత మాత్రమున ఆట రుచి తగ్గదు.

గొంతులో పడకుండ

సాధారణమైన పాచిక ప్రక్క సుమారు 1.6 సెంటీమీటర్లు. చిన్నపిల్లల బొమ్మల పరీక్షకు వాడు గొట్టపు వ్యాసము 3.17 సెంటీమీటర్లు. ఆ గొట్టములో పూర్తిగా ఇమిడిపోవు వస్తువు మూడేండ్లలోపు బిడ్డ ఊపిరికి అడ్డుపడవచ్చును. పాచికలు, గవ్వలు, చింతపిక్కలు, కాయలు అన్నియు ఈ కోవకు చెందినవే. కావున ఆట ముగియగానే వస్తువులను లెక్కపెట్టి, మూతగల డబ్బాలో వేసి, అందని ఎత్తున ఉంచవలెను. ఒక్కటి తక్కువైనను వెదకి తీయనిదే చాప చుట్టరాదు.

మెరయు పాచికలలోను, పాడు బొమ్మలలోను ఉండు బొత్తామువంటి బ్యాటరీ మరింత ప్రమాదకరము. అది ఆహారనాళములో చిక్కుకొన్న యెడల రెండు గంటలలోనే లోపల కాల్చివేయగలదు. మ్రింగినట్లు అనుమానము కలిగినను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. కొనునపుడు ఐ.ఎస్.ఐ. గుర్తు చూచుకొనవలెను, 14 ఏండ్లలోపు పిల్లల బొమ్మలకు ఈ గుర్తు 2021 జనవరి 1 నుండి తప్పనిసరి అయినది.

బిడ్డ గొంతులో ఏదైన పడినపుడు గట్టిగా దగ్గుచున్నంతవరకు దగ్గనీయవలెను. కనబడని వస్తువు కొరకు నోటిలో వ్రేలు పెట్టి కెలుకరాదు. దగ్గలేక, ఊపిరాడక యున్నచో బిడ్డను ముందుకు వంచి, రెండు భుజపుటెముకల నడుమ అరచేతి మడమతో అయిదుమారులు చరచవలెను. ఏడాది దాటిన బిడ్డకు పిమ్మట వెనుకనుండి పట్టుకొని, బొడ్డుకు పైన పిడికిలి ఉంచి లోనికిని పైకిని అయిదుమారులు నొక్కవలెను. ఏడాదిలోపు శిశువును తల క్రిందుగా నుండునట్లు ముంజేతిపై బోర్లపరుండబెట్టి చరచి, పిమ్మట వెల్లకిల త్రిప్పి రొమ్ము నడుమ రెండు వ్రేళ్లతోగాని అరచేతి మడమతోగాని నొక్కవలెను. శిశువునకు కడుపుపై నొక్కరాదు. అడ్డు తొలగువరకు ఇట్లే చేయుచుండగా మరియొకరు 108కి గాని 112కి గాని ఫోను చేయవలెను. ముక్కులో దూర్చుకొన్న పిక్కను ఇంట తీయబూనక వైద్యునికి చూపవలెను.

పందెము గవ్వలదే, సొమ్ముది కాదు

తెలుగున పందెము అను మాటకు రెండర్థములు కలవు: గవ్వలు వేయగా పడిన సంఖ్య యొకటి, ఒడ్డిన సొమ్ము మరియొకటి. కుటుంబపు ఆటలో మొదటి అర్థము మాత్రమే యుండవలెను. ధర్మరాజు జూదములో సర్వస్వము కోల్పోయిన కథ మన పిల్లలందరికి తెలిసినదే. పెద్దలు జూదమును సప్తవ్యసనములలో ఒకటిగా లెక్కించిరి. 2022లో అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్యసంస్థ వ్యాధుల పట్టికలోను జూదవ్యసనము చేరియున్నది.

రూపాయి కాసైనను ఒడ్డినచో ఆట స్వభావమే మారును. పోయినదానిని తిరిగి రాబట్టుకొనవలెనను తహతహ పుట్టును. సంక్రాంతినాడుగాని, శివరాత్రి జాగరణనాడుగాని పెద్దలు సొమ్ము పెట్టి ఆడుచుండగా పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుట తగదు. ఆడుచోట పొగత్రాగుటయు తగదు. ఆ పొగ పిల్లల ఊపిరితిత్తులకు హానికరము. ఫోనులో డబ్బుతో ఆడు ఆటలను నిషేధించుచు పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టము చేసినది.

డబ్బు లేకున్నను ఫోనులోని లూడో చాపమీది ఆటకు సాటిరాదు. అందు పాచికను ఫోనే వేయును, లెక్క ఫోనే చూచును, కాయను ఫోనే జరుపును. బిడ్డ చేయవలసిన పని చాలవరకు పోవును. రెండు మొదలు నాలుగేండ్ల పిల్లలు కూర్చుండి తెర చూచుట రోజుకు ఒక గంటకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో సూచించినది.

చాపమీది ఆట ఎంత మంచిదైనను పరుగులాటకు బదులు కాదు. అయిదేండ్లు దాటిన పిల్లలకు దినమునకు సగటున 60 నిమిషముల శరీరశ్రమ అవసరము. ఆట నిద్రనుకూడ హరింపరాదు. మూడు నాలుగేండ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 మొదలు 13 గంటల నిద్ర కావలెను.

ఆటను ఎంచుకొనునపుడు

1. అందరిలో చిన్నవారు తమ వంతు తాము ఆడగలరా?
2. పెద్దలకును విసుగు కలుగకుండునా?
3. అరగంటలో ఒక ఆట ముగియునా?
4. మొదటనే ఒకరు తొలగిపోయి, ఊరక కూర్చుండవలసి వచ్చునా?
5. ఇంట మూడేండ్లలోపు బిడ్డ యున్నచో వస్తువులను భద్రపరచు వీలున్నదా?
6. సొమ్ము లేకుండ ఆడినను ఆట రక్తి కట్టునా?

నాలుగవ ప్రశ్నకు లేదనియు, తక్కిన వానికి అవుననియు సమాధానము వచ్చిన ఆట, నేలపై సుద్దతో గీసినదైనను, అంగడిలో కొన్నదైనను, ఆ ఇంటికి తగిన ఆట. వారమునకు రెండు మూడు సాయంకాలములు దానికి కేటాయించిన చాలును. ఆట ముగిసిన పిమ్మట గవ్వలు లెక్కించి డబ్బాలో వేయు పనిని ఇంటిలోని పెద్దపిల్లలకు అప్పగింపవలెను. తమ్ముని, చెల్లెలిని కాపాడు బాధ్యత వారికి ఆ విధముగా అలవడును.