జీపులో అటక

2018లో వచ్చిన సుజుకీ జిమ్నీలో నలుగురూ కూర్చున్నాక సామానుకి మిగిలే చోటు 85 లీటర్లు. ఇరవై లీటర్ల మంచినీళ్ల టిన్నులు నాలుగు పెడితే నిండిపోతుంది. ఇక లాగుడు తాడు, గాలి పంపు, రెయిన్‌కోట్లు, టార్చిలైటు ఎక్కడ పెట్టుకోవాలి? తలెత్తి చూస్తే మాత్రం నెత్తిమీద బోలెడంత ఖాళీ. గుట్టలెక్కే బండ్లు చాలావరకు ఇంతే. పెట్టెలా నిటారుగా ఉంటాయి కాబట్టి కింద ఇరుకు, పైన దండగ.

ఆ దండగని వాడుకోవాలన్న ఆలోచన కొత్తదేం కాదు. రైలు పెట్టెల్లో సీట్ల పైన తాళ్లతో అల్లిన వలలు 19వ శతాబ్దంలోనే ఉండేవి. విమానాలు వచ్చాక అవే టోపీల అరలయ్యాయి. బోయింగ్ 707 రోజుల్లో కూడా ఆ అరలకి తలుపుల్లేవు. కోటు, టోపీ, దుప్పటిలాంటివే అందులోకి వెళ్లేవి. 1970 జనవరిలో పాన్ యామ్ సంస్థ 747ను నడపడం మొదలుపెట్టింది. మూత, గొళ్లెం ఉన్న అరలకి జనం అలవాటుపడింది ఆ విమానంతోనే. నన్నడిగితే బండి లోపలి అటక అసలు పుట్టుక అక్కడే. నెత్తిమీద ఒక అర బిగించడం ఎవరైనా చేస్తారు, అందులోది ఊడి మీద పడకుండా ఆపడంలోనే ఉంది పనితనమంతా.

మన లారీ డ్రైవర్లు ఇందులో ఎవరికీ తీసిపోరు. విజయవాడ ఆటోనగర్‌లాంటి చోట్ల బాడీ కట్టేవాళ్లు ముందు అద్దం పైన చెక్క అర ఒకటి వేసి ఇస్తారు. పర్మిట్ కాగితాలు, తువ్వాలు, దుప్పటి అన్నీ అందులోకే. జీపుకి ఆ యోగం ఆలస్యంగా పట్టింది. 1941 నాటి విల్లీస్ జీపు పైన ఉన్నది కాన్వాసు గుడ్డ, దాన్ని నిలబెట్టే ఇనుప కమ్మీలు. వాటికి ఏం తగిలిస్తారు?

కంపెనీవాళ్లే పైకప్పు సంగతి పట్టించుకున్న బండి ఒకటి 1989 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో కనిపించింది. అది ల్యాండ్ రోవర్ డిస్కవరీ. దాని లోపలి భాగాన్ని తీర్చిదిద్దింది కార్ల మనుషులు కాదు, బ్రిటన్‌లో దుకాణాలకీ ఇంటి సామాన్లకీ రూపమిచ్చిన కాన్రన్ బృందం. ముందు అద్దం పైన మ్యాపులు దోపుకోవడానికి అరలు పెట్టారు. పైకప్పులో తీసి పెట్టుకునే రెండు గాజు పలకలకి వెనక సీటు వెనుక జిప్పు సంచి కుట్టారు. మధ్యలో భుజాన తగిలించుకుపోయే సంచి కూడా ఇచ్చారు. బండిని ఇల్లులా చూస్తే తప్ప రాని ఆలోచనలివి.

ఆస్ట్రేలియాలో దారి వేరు. అక్కడ ఈ అటకని పెంచింది రేడియో. 1977లో ఆ దేశం 477 మెగాహెర్ట్జ్ దగ్గర సామాన్యుల రేడియోకి 40 ఛానళ్లు వదిలింది, 2011లో వాటిని 80 చేసింది. ఫోన్ సిగ్నల్ లేని ఎడారి దారుల్లో ఎదురొచ్చే లారీతో మాట్లాడాలంటే అదే దిక్కు. 1984లో పుట్టి ఇప్పటికీ తయారవుతున్న ల్యాండ్ క్రూజర్ 70 డ్యాష్‌బోర్డులో దానికి చోటెక్కడిది? అందుకని అద్దం పైన ఈ చివర నుంచి ఆ చివరికి ప్లాస్టిక్ అర ఒకటి తయారుచేశారు. సన్‌వైజర్ స్క్రూలు, చేతిపిడి బోల్టులు ఉన్న రంధ్రాల్లోనే దాన్ని బిగిస్తారు. రేడియో పైన ఉంటుంది, మైకు చుట్టల వైరుతో వేలాడుతుంది. దారి మీంచి చూపు కిందికి దించకుండానే చేతికి అందుతుంది.

కొత్త రంధ్రాలు వేయకపోవడానికి కారణం ఉంది. మీకు కనిపించే లోపలి కప్పు గుడ్డ అతికిన అట్ట మాత్రమే, కిలో బరువు కూడా మోయదు. దాని పైన ఉన్న ఉక్కు రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. రేకుకి రంధ్రం పడితే వానాకాలంలో నీరు దిగుతుంది, తర్వాత తుప్పు పడుతుంది. బరువు మోసేది రెండు పక్కలా ఉండే మందపాటి అంచు, ఆ రెంటినీ కలిపే అడ్డపట్టీలు. చేతిపిడి బోల్టులు దిగేది అక్కడికే.

బిగించడం అయ్యాక మొదలవుతుంది అసలు పరీక్ష. ఆస్ట్రేలియా వాయవ్యాన 660 కిలోమీటర్ల గిబ్ రివర్ రోడ్డు లాంటి మట్టి దారులు రేకుల కప్పులా అలలు తేలి ఉంటాయి. బండి చక్రాలే ఆ అలల్ని పుట్టిస్తాయి. అల నుంచి అలకి 70 సెంటీమీటర్లు అనుకోండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతే సెకనుకు 24 దెబ్బలు, గంటకు 85 వేల పైచిలుకు. ఇన్ని దెబ్బలకి ఏ బోల్టు నిలుస్తుంది? 1969లో గెర్‌హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు యంత్రం పెట్టి దీన్ని తేల్చాడు. బోల్టును దాని పొడవు వెంట లాగితే అంత తేలిగ్గా వదులవదు. బిగించిన రెండు ముక్కలు అడ్డంగా, ఇటూ అటూ ఇసుమంత జారితే చాలు, మరలు తమంతట తామే తిరిగి వదులైపోతాయి. మన మెకానిక్కులు నమ్మకంగా వేసే స్ప్రింగు వాషరు ఆ పరీక్షలో పెద్దగా ఉపయోగపడలేదు. లోపల నైలాన్ రింగు ఉన్న నట్టు మేలు. దానికన్నా మేలు, ముక్క జారకుండా మొదట్లోనే గట్టిగా బిగించడం. మొదటి గతుకుల ప్రయాణం తర్వాత ప్రతి బోల్టునూ మళ్లీ పానాతో పట్టి చూసుకోవాలి.

పైన బరువు పెడితే బండి బోల్తా పడదా అని అందరూ అడుగుతారు. రెండు టన్నుల బండి, బరువు కేంద్రం నేలకి 75 సెంటీమీటర్ల ఎత్తున, ఎడమ కుడి చక్రాల మధ్య మీటరున్నర దూరం అనుకుందాం. కాగితం మీద ఇది పక్కకి 45 డిగ్రీలు ఒరిగేదాకా పడదు. స్ప్రింగులూ టైర్లూ ఒక పక్క అణుగుతాయి కాబట్టి నిజంలో అంతకన్నా ముందే పడుతుంది. లోపలి అటకలో, నేలకి 1.75 మీటర్ల ఎత్తున, 15 కిలోలు పెడితే కేంద్రం ఏడు మిల్లీమీటర్లు లేస్తుంది, కోణం 44.7 డిగ్రీలవుతుంది. 75 కిలోలు టాపు మీద క్యారియర్‌కి కడితే కేంద్రం నాలుగున్నర సెంటీమీటర్లు లేచి కోణం 43.3కి పడిపోతుంది. కాబట్టి లోపలి అటక గురించి భయపడేవాళ్లు ముందు టాపు మీదున్న జెర్రీ క్యాన్లు దించాలి.

అటకతో అసలు ప్రమాదం తలకి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి దేన్నో గుద్దుకుని సెకనులో పదోవంతులో ఆగిందనుకోండి. లోపలున్న ప్రతి వస్తువు సుమారు 14 రెట్లు బరువెక్కినట్టే ముందుకి తోసుకొస్తుంది. రెండు కిలోల పానాల సంచి అప్పుడు 28 కిలోలు, దాన్ని ఆపాల్సింది వేలెడంత గొళ్లెం. కార్లలో తలకి తగిలే పై భాగాల మీద అమెరికా 1995లో ఒక నియమం పెట్టింది. నాలుగున్నర కిలోల బొమ్మ తలను గంటకు 24 కిలోమీటర్ల వేగంతో వాటికేసి కొట్టి చూడాలి. కంపెనీ బిగించిన మెత్తటి అట్ట అలాంటి పరీక్ష దాటి వస్తుంది. మనం సొంతంగా బిగించే పదునైన అల్యూమినియం కమ్మీకి ఏ పరీక్షా లేదు.

పక్క అంచుల్లో ఇంకొకటి దాగి ఉంటుంది. మన దేశంలో 2023లో అమ్మకానికి వచ్చిన ఐదు తలుపుల జిమ్నీలో ఆరు ఎయిర్‌బ్యాగులు. వాటిలో రెండు కిటికీల పైన మడతపెట్టి ఉండే తెరలాంటివి. కన్ను మూసి తెరిచేలోపు అవి కిందికి జారాలి. ఆ దారికి అడ్డంగా పట్టీ బిగిస్తే తెర తెరుచుకోదు, లేదా పట్టీనే విసిరికొడుతుంది. కిటికీల పక్క స్తంభాల ప్లాస్టిక్ మీద ఎయిర్‌బ్యాగ్ అని అచ్చు ఉన్న బండిలో చేతిపిడి బోల్టు ముట్టుకునే ముందు సర్వీసు పుస్తకం తెరవక తప్పదు.

అందుకే ఎక్కువమందికి గట్టి అర కన్నా పైకప్పుకి కట్టే వలే మంచిదని నా అభిప్రాయం. అమెరికా సైన్యం 1997లో తెచ్చిన మోలీ సామగ్రిలో 25 మిల్లీమీటర్ల పట్టీలు, మధ్య మళ్లీ అంతే ఖాళీ, ప్రతి 38 మిల్లీమీటర్లకి ఒక కుట్టు. సైనికుడి చొక్కా మీది ఆ లెక్కే ఇప్పుడు జీపు పైకప్పుల్లోకి వచ్చింది, ఏ సంచినైనా ఎక్కడైనా దోపుకోవచ్చు. వల అయితే తల తగిలినా లొంగుతుంది. లోపలేముందో కింద నుంచే కనిపిస్తుంది. దుప్పటి, రెయిన్‌కోటు, చేతి తొడుగులు, పిల్లల టోపీలు అందులో వేయొచ్చు. పానాలు మాత్రం నేల మీద, సీటు వెనకే. ఎండలో ఆపిన బండిలో పైకప్పు బాగా కాగుతుంది కాబట్టి దోమల మందు స్ప్రే డబ్బా, లైటరు, పవర్ బ్యాంకు అక్కడ పెట్టకూడదు. వలకి ఉన్న జబ్బల్లా ఒకటే, ఎండకి సాగి రెండు మూడేళ్లలో అద్దంలో వెనక దారి కనిపించకుండా వేలాడుతుంది. అప్పుడు కొక్కేలు విప్పి కొత్తది తగిలించుకోవడమే.