తెరమీద కనిపించని డయానా!

'వైట్ మిస్చిఫ్' చూశారా మీరు? 1987లో మైకేల్ రాడ్‌ఫోర్డ్ దర్శకత్వంలో వచ్చిన చిత్రం. ఎర్రల్ ప్రభువుగా చార్లెస్ డాన్స్, ఆయన ప్రియురాలు డయానాగా గ్రెటా స్కాకీ! ఈమధ్య నేనూ, నా మిత్రుడూ కలిసి చూశాం. చూసినంతసేపూ మా ఇద్దరికీ ఒకటే వాదన... కాల్చిందెవరు?

ఇది నిజంగా జరిగిన కథే. 1941 జనవరి 24 తెల్లవారుజామున, కెన్యాలోని నైరోబీ దగ్గర, కారులో ఎర్రల్ శవమై కనిపించాడు. తలలో తూటా! ప్రియురాలి భర్త బ్రౌటన్‌ని బోనెక్కించారు. కోర్టు నిర్దోషి అని వదిలేసింది. ఆ గుట్టు ఇప్పటికీ గుట్టే.

సినిమా అయ్యాక మావాడు ఉన్నట్టుండి అడిగాడు: "అంతా బానే ఉంది గానీ, ఒరేయ్... చచ్చిపోయినాయనకి పిల్లాజెల్లా ఎవరూ లేరా?"

నిజమే! ఆ మాట నాకూ తట్టలేదు. తీరా పుస్తకాలు తిరగేస్తే, ఒక్కగానొక్క కూతురుంది. పేరేమిటో తెలుసా? ఆమె కూడా డయానాయే!

1926 జనవరి 5న కెన్యాలో పుట్టింది. నాలుగేళ్లకే అమ్మానాన్నా విడాకులు తీసుకున్నారు. ఇంగ్లండులో బంధువులింట పెరిగింది. పదిహేనో పుట్టినరోజు వెళ్లి పంతొమ్మిది రోజులయిందో లేదో, ఎక్కడో కెన్యాలో ఆ తుపాకీ పేలింది. ఆ క్షణంనుంచీ ఆ పిల్ల ఎర్రల్ కౌంటెస్! భర్తవల్ల వచ్చిన హోదా కాదు సుమండీ, సొంత హక్కు. స్కాట్లండులో కొన్ని పాత బిరుదులు కొడుకు లేకపోతే కూతురికే వస్తాయి. తండ్రికే ఉన్న కిల్మార్నాక్ బారన్ బిరుదు మాత్రం మగవాళ్లకే చెందుతుంది గనక బాబాయికి పోయింది. పోయింది ఒక్క మనిషి... పంపకానికి న్యాయాలు రెండు!

దాంతోపాటు లార్డ్ హై కానిస్టేబుల్ పదవి కూడా వచ్చింది. మన వీధి చివర కానిస్టేబుల్ అనుకునేరు! 1314లో రాబర్ట్ బ్రూస్ మహారాజు హే వంశానికిచ్చిన గౌరవం అది. అయితే సముద్రపుటొడ్డున ఉన్న స్లెయిన్స్ కోట 1916లోనే అమ్ముడుపోయింది. 1925లో దాని పైకప్పు కూడా పీకేశారు. బిరుదు మిగిలింది గానీ కోట మిగల్లేదు.

మరో విచిత్రం! బిరుదున్నా, ఆడది గనక ప్రభువుల సభలో కూర్చునే హక్కు లేదు. ఆ హక్కు 1963 చట్టంతో గానీ రాలేదు. అప్పటికి ఆమె కౌంటెస్ అయి ఇరవై రెండేళ్లు!

1946లో వంశచరిత్రల పండితుడు ఇయాన్ మాంక్రీఫ్‌ని పెళ్లాడింది. 1964లో విడిపోయి, అదే ఏడు మళ్లీ పెళ్లి చేసుకుంది. 1978లో, యాభై రెండో ఏట కన్నుమూసింది. పెద్దకొడుకు మెర్లిన్ 24వ ఎర్ల్ అయ్యాడు.

తండ్రి హత్య వెండితెర కెక్కింది ఆ తర్వాత తొమ్మిదేళ్లకి. చూడ్డానికి ఆమె లేదు. ఒక విధంగా అదే నయమేమో! "కాల్చిందెవరు?" అని మనలాంటి వాళ్లం సరదాగా వాదించుకుంటుంటే, విన్న కూతురికి ఎలా ఉంటుంది చెప్పండి?